బరువు తమస్సా?

శరీరపు బరువును ఎలా అర్థం చేసుకోవాలన్న ప్రశ్నకు భారతీయ దర్శనాలు రెండు వేర్వేరు జవాబులు చెప్పాయి. ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారికలో తేలికదనం, వెలుగు సత్త్వానివి. కదలిక, ప్రేరణ రజస్సువి. బరువు, కప్పివేయడం తమస్సువి. అక్కడ బరువు ఒట్టి తూకం కాదు, మనసులోని మాంద్యానికీ మొద్దునిద్రకూ దగ్గరి చుట్టం. వైశేషికులు దాన్ని అలా చూడలేదు. వాళ్ల లెక్కలో గురుత్వం రూపం, రసం, సంఖ్య మొదలైన 24 గుణాల వరసలో ఒకటి. మట్టికీ నీటికీ ఉంటుంది, వస్తువు కిందికి పడడం మొదలవడానికి కారణమవుతుంది. దానికి పుణ్యపాపాలతో పని లేదు.

లోకం మాత్రం చాలాకాలంగా సాంఖ్యుల పక్షమే. లావుపాటి మనిషిని చూడగానే సోమరి అనుకోవడం, బక్కపలచని మనిషిలో నిగ్రహాన్ని చూడడం, కండలు తిరిగినవాణ్ణి బలవంతుడని మెచ్చుకుంటూనే బుర్ర తక్కువని అనుమానించడం, ఇవన్నీ ఆ కారికకు ఊళ్లో వెలసిన వ్యాఖ్యానాలే. ఈ తగవు తీరడానికి పండితసభ కంటే పరుగుపందెం మంచి చోటు. పరుగులో బరువు దాగదు. కండ పెరిగితే వేగం పెరుగుతుందా తగ్గుతుందా, ఒళ్లు తగ్గిస్తే ఆట మెరుగవుతుందా అన్న ప్రశ్నలకు అక్కడ సెకన్లలో, కిలోల్లో జవాబు దొరుకుతుంది. ఆ జవాబు వచ్చాక కూడా తేలకుండా మిగిలేవి కొన్ని ఉంటాయి. తత్త్వవిచారం చేయవలసింది వాటి మీద.

ముందుగా వైశేషికుల మాట కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే పరుగుకు సంబంధించి వాళ్లు చేసిన విభజన ఆశ్చర్యపరిచేంత సూక్ష్మమైనది. వాళ్లలో ఒకడైన ప్రశస్తపాదుడు గురుత్వం కంటికి కనబడదంటాడు; పడడాన్ని బట్టి అది ఉందని ఊహించుకోవలసిందే. దాన్ని మూడు అడ్డుకుంటాయి: సంయోగం, ప్రయత్నం, సంస్కారం. సంయోగం అంటే మరో వస్తువును ఆనుకుని ఉండడం. ప్రయత్నం ఆత్మ గుణం. సంస్కారం మళ్లీ మూడు రకాలు. 17వ శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం, నేటికీ తర్కం చదివేవారికి తొలి పుస్తకం, ఆ మూడింటినీ ఇలా చెబుతుంది: వేగం, భావన, స్థితిస్థాపకం. వేగం మట్టి, నీరు, నిప్పు, గాలితో పాటు మనసుకు కూడా ఉంటుంది. భావన అనుభవం వదిలివెళ్లే ముద్ర, జ్ఞాపకానికి మూలం. స్థితిస్థాపకం వంచిన చాప మళ్లీ యథాస్థితికి వచ్చే గుణం.

ఈ పట్టికలో గమనించవలసిన సంగతి ఒకటుంది. గురుత్వం, వేగం రెండూ వేర్వేరు గుణాలుగా ఉన్నాయి తప్ప ఒకటి పెరిగితే రెండోది తరగాలన్న నియమం లేదు. అన్నంభట్టు లెక్కలో గురుత్వం మొదటి పతనానికి మాత్రమే కారణం. ఆ తరవాతి పతనాలను నడిపేది వేగం. బరువు, వేగం ఒకే వస్తువులో పక్కపక్కనే ఉండగలవు.

పరుగు అంటే నిజానికి వరసగా పడుతూ లేస్తూ ముందుకు సాగడం. నడకలో ఒక పాదమైనా ఎప్పుడూ నేల మీద ఉంటుంది. పరుగులో రెండు పాదాలూ గాలిలో ఉండే క్షణం ప్రతి అంగలోనూ వస్తుంది. ఆ క్షణంలో శరీరాన్ని మోసేది ఏదీ లేదు, గురుత్వం తన పని తాను చేసుకుపోతుంది. మళ్లీ పాదం నేలను తాకినప్పుడు, అంటే సంయోగం కలిగినప్పుడు, ఆ పతనం ఆగాలి, శరీరం తిరిగి పైకి లేవాలి. గొప్ప స్ప్రింటరు పూర్తి వేగంలో ఉన్నప్పుడు పాదం నేల మీద ఉండేది దాదాపు సెకనులో పదోవంతు, ఒక్కోసారి అంతకన్నా తక్కువే. ఒక అంగకు పట్టే కాలం ఐదోవంతు సెకనుకు కాస్త ఎక్కువ. పూర్తి అంగ మీద సగటున నేల ఇచ్చే ఒత్తిడి శరీరపు బరువుతో సమానంగా ఉండితీరాలి కాబట్టి, నేల తాకే కాలం అంగలో సగం కన్నా తక్కువైతే ఆ కాస్త సమయంలో సగటు ఒత్తిడి బరువుకు రెండింతలు దాటాలి. 70 కిలోల మనిషి ఒంటికాలి మీద, రెప్పపాటు కన్నా తక్కువ కాలంలో, 160, 170 కిలోలకు సమానమైన బలం నేలకు ఇవ్వాలి. శిఖరస్థాయిలో అది బరువుకు నాలుగైదు రెట్లు కూడా అవుతుంది.

2000లో పీటర్ వెయాండ్, ఆయన సహచరులు ప్రచురించిన ఒక పరిశోధన ఈ విషయంలో చాలామంది నమ్మకాన్ని తారుమారు చేసింది. వేగంగా పరుగెత్తేవారు కాళ్లను వేగంగా ఆడిస్తారని అంతకుముందు అనుకునేవారు. తీరా కొలిస్తే, కాలును వెనకనుంచి ముందుకు తెచ్చే సమయంలో వేగవంతుడికీ మందగాడికీ పెద్ద తేడా లేదు. తేడా అంతా నేల మీద పెట్టే బలంలో ఉంది, అదీ శరీరపు బరువుతో పోల్చినప్పుడు ఎంత అన్నదానిలో. కండ వేగాన్ని పెంచుతుందా అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. పరుగుకు పనికొచ్చే కండ బరువు కన్నా బలాన్ని ఎక్కువగా పెంచితే వేగం పెరుగుతుంది. బరువునే ఎక్కువగా పెంచితే తగ్గుతుంది. పిరుదుల్లో, తొడ వెనకభాగంలో కలిసిన కండ నేలను తోసే పనిలో పాలుపంచుకుంటుంది. మేటి స్ప్రింటర్లలో తుంటిని చాపే కండరాలు బాగా పెద్దవిగా ఉండడానికి కారణం అదే. ఛాతీ మీద, భుజాల మీద ఐదు కిలోల కండ పెంచుకున్నవాడు మాత్రం ప్రతి అంగలోనూ దానికి రెట్టింపుకు పైగా భారాన్ని పాదం కింద చెల్లించుకోవాలి. అద్దంలో బాగుండే కండలన్నీ ట్రాక్ మీద పనికిరావు.

కండ ఎక్కడ ఉందన్నదీ ముఖ్యమే. బరువు తుంటికి ఎంత దూరమైతే కాలును ఆడించడానికి అంత శ్రమ. ఒక్కో బూటుకు 100 గ్రాముల బరువు పెరిగితే పరుగుకయ్యే ఆక్సిజన్ ఖర్చు సుమారు ఒక శాతం పెరుగుతుంది. అదే 100 గ్రాములు నడుముకు కడితే లెక్కలోకి రాదు. జింక, గుర్రం కాళ్లను చూస్తే ఈ సూత్రం తేటతెల్లమవుతుంది: కండంతా పైన, మోకాలికి దిగువన ఎముక, స్నాయువు మాత్రమే. ఆ స్నాయువుల దగ్గరే అన్నంభట్టు స్థితిస్థాపకం కనబడుతుంది. మడమ వెనకనున్న స్నాయువు పాదం నేల తాకినప్పుడు సాగి, వదిలినప్పుడు ముడుచుకుంటూ తాను దాచుకున్న శక్తిలో చాలాభాగం తిరిగి ఇచ్చేస్తుంది. చదును నేల మీద పరుగు కాస్త చవక కావడానికి అదొక కారణం.

ఎత్తు ఎక్కేటప్పుడు ఆ చవకదనం పోతుంది. మదనపల్లె నుంచి హార్సిలీ హిల్స్ పైకి 550 మీటర్లకు పైగా ఎత్తు తేడా ఉంది. కాళ్ల స్థితిస్థాపకం ఇక్కడ పెద్దగా ఆదుకోదు. ప్రతి కిలోనూ ప్రయత్నమే పైకి చేర్చాలి. కండరాలు తాము తీసుకున్న శక్తిలో నాలుగోవంతును మాత్రమే పనిగా మారుస్తాయనుకుంటే, పది కిలోల అదనపు బరువుకు ఎత్తు ఎక్కడానికే మరో 50 కేలరీల వరకు అవుతాయి. చదునులో కిలోకు, కిలోమీటరుకు ఒక కేలరీ చొప్పున లెక్క కడితే మారథాన్ 42 కిలోమీటర్లలో అదే పది కిలోలకు 420 కేలరీలు. దూరపు పరుగువాళ్లు బక్కగా ఉండడం వెనక ఉన్నది ఈ లెక్కే. దానికి ఎండ కూడా తోడవుతుంది. చిన్న శరీరానికి బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, కాబట్టి వేడి త్వరగా వదులుతుంది. రాయలసీమ మే నెలలో ఆ తేడా ఎంతటిదో వేరే చెప్పనక్కర్లేదు.

ఫలితం ఏమంటే, ఒకే చర్యకు, పరుగుకు, ఒకే ఆదర్శ శరీరం లేదు. 2009లో బెర్లిన్‌లో 100 మీటర్లను 9.58 సెకన్లలో, 41 అంగల్లో ముగించిన ఉసేన్ బోల్ట్ 1.95 మీటర్ల పొడగరి, 90 కిలోలకు అటూ ఇటూ బరువు. 2022లో అదే బెర్లిన్‌లో మారథాన్‌ను 2 గంటల 1 నిమిషం 9 సెకన్లలో పూర్తిచేసిన ఎలియుడ్ కిప్‌చోగే 1.67 మీటర్ల ఎత్తు, 50 కిలోలకు కాస్త పైన. ఇద్దరూ ఒకరి పందెంలో మరొకరు నిలవలేరు. పొడవు, బరువు ఉంటేనే స్ప్రింట్ అని కూడా అనలేం: 1.72 మీటర్ల సు బింగ్‌టియాన్ టోక్యో ఒలింపిక్స్ సెమీఫైనల్లో 9.83 పరుగెత్తాడు. ఆంధ్రప్రదేశ్ పోలీసు కానిస్టేబులు పరీక్షకు తెల్లవారుజామున కాలేజీ మైదానాల్లో సాధన చేసే కుర్రవాళ్లకు ఈ చిక్కు అనుభవంలో ఉన్నదే. 1600 మీటర్ల పరుగు ఒక శరీరాన్ని కోరుతుంది, 100 మీటర్లు, లాంగ్‌జంప్ ఇంకొక శరీరాన్ని కోరతాయి, గాలి పీల్చినప్పుడు ఛాతీ 5 సెంటీమీటర్లు పెరగాలన్న నిబంధన మరో సంగతి. ఉన్నది ఒకే ఒళ్లు.

ఈ లెక్కలన్నీ చూశాక సాంఖ్యుల మాట నిలుస్తుందా? బరువే తమస్సు అనే అర్థంలో నిలవదు. బోల్ట్ బరువు అతని వేగానికి అడ్డు కాదు, అందులో పెద్ద పాలు నేలను తోసే యంత్రమే. సాంఖ్యుల తరఫున ఒక సమాధానం చెప్పవచ్చు: వాళ్లు చెప్పిన మూడు గుణాలూ ఎప్పుడూ విడివిడిగా ఉండవు, ఒకదాన్నొకటి ఆసరా చేసుకునే పనిచేస్తాయి, కాబట్టి తమస్సు లేకుండా నిలకడే ఉండదు. ఈ సమాధానం బలమైనదే. కానీ దాన్ని ఒప్పుకుంటే, ఒక మనిషి తూకం చూసి అతని స్వభావాన్ని చెప్పే హక్కు పోతుంది. జనం నోట సాంఖ్యం పేరుతో తిరిగేది మాత్రం ఆ హక్కే.

పురాణకల్పన ఈ విషయంలో దర్శనకారుల కన్నా ముందే మెలకువగా ఉంది. అష్టసిద్ధుల్లో లఘిమ ఎంత సిద్ధో గరిమ కూడా అంతే సిద్ధి. దూదిలా తేలడమూ, కొండలా కదలకపోవడమూ యోగికి ఒకే స్థాయి విజయాలు. పతంజలి విభూతిపాదంలో తేలికై ఆకాశంలో సంచరించే శక్తితో పాటు ఏనుగు బలమూ ఉంది, రూపం, లావణ్యం, బలం, వజ్రంలాంటి దృఢత్వం కలిసిన కాయసంపద కూడా ఉంది. ఆంజనేయుడి కథలో ఈ రెండు చివరలూ ఒకే దేహంలో కలిశాయి. సుందరకాండ మొదట్లో సముద్రం దాటే ముందు అతను ఒళ్లు పెంచుతాడు. ఆ పాదాల ఒత్తిడికి మహేంద్రగిరి నలిగి నీళ్లు కక్కిన వైనాన్ని వాల్మీకి తీరిగ్గా వర్ణిస్తాడు. లంఘనం నేలను తోయడంతో మొదలవుతుందని ఆ కవికి తెలుసు. లంకలో అడుగుపెట్టేసరికి ఆ దేహమే చిన్నదైపోతుంది. పనిని బట్టి పరిమాణం మారింది, ఆంజనేయుడు మారలేదు. అరణ్యపర్వంలో భీముడు దారికి అడ్డంగా ఉన్న ముసలికోతి తోకను ఎత్తలేక చతికిలబడిన ఘట్టంలో ఇదే ఆలోచన తిరగబడి వస్తుంది. వాయుపుత్రులు ఇద్దరూ అన్నదమ్ములే. కండబలం మీద గర్వం ఉన్నవాడికి, బరువు కంటికి కనబడదన్న ప్రశస్తపాదుడి మాట అక్కడ తెలిసివచ్చింది.

ఆంధ్రదేశంలో కలియుగ భీముడన్న పేరు ఒకరికే దక్కింది. 1882లో వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కోడి రామ్మూర్తి నాయుడు గొలుసులు తెంపాడు, కార్లు ఆపాడు, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నాడు. ఆయన శాకాహారి. తన బలాన్ని ప్రాణాయామానికీ ఏకాగ్రతకూ ఆపాదించేవారు. ఆయన ప్రదర్శనలన్నీ మోయడం, ఆపడం, తట్టుకోవడం. అవి గరిమ కోవకు చెందిన విద్యలు, వేగానికి సంబంధించినవి కావు. అలాంటి పనుల్లో శరీరపు బరువు నేరుగా ఉపకరిస్తుంది, ఎందుకంటే కదలకుండా నిలిచేవాడికి నేలతో పట్టు కావాలి, ఆ పట్టు బరువును బట్టి ఉంటుంది. బండలాగుడు పోటీల్లో ఒంగోలు ఎద్దు గెలుపూ ఇలాంటిదే. ఆ పక్కన 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తు, 115 నుంచి 200 కిలోల బరువు ఉండే పుంగనూరు ఆవును నిలబెడితే అది బండ లాగలేదు సరే, కాని కొద్దిపాటి మేతతో చిక్కని పాలిస్తుంది. రెండూ ఈ నేల జాతులే. ఏది మేలైన జంతువు అన్న ప్రశ్నను ఏ రైతూ పని ఏమిటో చెప్పకుండా అడగడు.

మనుషుల విషయంలో మాత్రం పని చెప్పకుండానే తీర్పు ఇస్తారు. ఆ తీర్పుకు ఎదురుగా శ్రుతే ఒక మాట అంటుంది. తైత్తిరీయోపనిషత్తు భృగువల్లిలో భృగువు తపస్సు చేసి మొదట తెలుసుకున్నది అన్నమే బ్రహ్మమని. ఆ మెట్టు దాటి ప్రాణం, మనసు, విజ్ఞానం, ఆనందం దాకా వెళ్లాడు. దాటి వెళ్లిన తరవాత కూడా అన్నాన్ని నిందించకూడదన్నది వ్రతంగా చెప్పడం గమనార్హం. అన్నమయకోశం చివరి సత్యం కాకపోవచ్చు, కాని అది ఛీకొట్టవలసినదీ కాదు. 1897లో మద్రాసు యువకులతో మాట్లాడుతూ వివేకానందుడు కండలు కాస్త గట్టిపడితే గీత ఇంకా బాగా బోధపడుతుందన్న అర్థంలో అన్న మాట ఇదే వరసలోది. అయితే దాన్ని జిమ్ గోడల మీద అతికించేవాళ్లు ఆయన మాట్లాడుతున్నది బలహీనత గురించి అన్న సంగతి తరచూ మరిచిపోతారు.

ఆయుర్వేదం ఇంకా ఆచితూచి మాట్లాడుతుంది. చరకసంహిత సూత్రస్థానంలో నిందితులైన ఎనిమిది రకాల శరీరాల గురించి ఒక అధ్యాయం ఉంది. వాటిలో అతిస్థూలుణ్ణీ అతికృశుణ్ణీ విడిగా తీసుకుని చర్చిస్తుంది. ఇద్దరిదీ రోగస్థితే, చికిత్సకు లొంగడంలో మాత్రం స్థూలుడి కన్నా కృశుడు నయమంటుంది. వ్యాయామం వల్ల తేలికదనం, పనిచేసే శక్తి కలుగుతాయి. కాని అది సగం బలం మేరకే చేయాలని ఆ సంప్రదాయం నియమం పెట్టింది, మితిమీరినవాడు ఏనుగును ఈడ్వబోయిన సింహంలా నశిస్తాడని హెచ్చరించింది. పోటీ క్రీడ ఈ నియమాన్ని పుట్టుకలోనే ఉల్లంఘిస్తుంది. సగం బలంతో ఎవరూ పందెం గెలవరు. ఆరోగ్యం కోసం చేసే వ్యాయామం, గెలుపు కోసం చేసే సాధన ఒకటేనన్న భ్రమ ఇక్కడే చెదిరిపోవాలి.

ఆ భ్రమ ఖరీదు దూరపు పరుగులో బాగా కనబడుతుంది. కిలో తగ్గితే సమయం తగ్గుతుందన్న లెక్క కొంతమేర నిజం. ఆ నిజాన్ని పట్టుకుని తిండి మానేసేవాళ్లు ఉన్నారు. ఖర్చుకు సరిపడా తిండి అందకపోతే శరీరం తన పనులు ఒక్కొక్కటే ఆపేస్తుంది: ఆడపిల్లల్లో నెలసరి ఆగుతుంది, ఎముకల సాంద్రత పడిపోతుంది, ఒత్తిడి వల్ల ఎముకలు చిట్లుతాయి, వ్యాధినిరోధకత తగ్గుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ స్థితికి రెడ్-ఎస్ అని పేరుపెట్టి, మగవాళ్లకూ ఇది వస్తుందని చెప్పింది. మొదట కొన్ని వారాలు వేగం పెరుగుతుంది కూడా, అదే ప్రమాదం. సిద్ధార్థుడు ఉరువేల దగ్గర ఎముకలగూడుగా మారేదాకా ఉపవాసాలు చేసి, ఆ దారి వదిలి, అన్నం తిని, ఆ తరవాతే బోధి పొందాడన్న కథను సన్యాసులకు మాత్రమే చెందినదిగా చూడనవసరం లేదు. ఆకలిని విజయంగా లెక్కించే ఏ సాధనకైనా ఆ కథ వర్తిస్తుంది.

ఇక న్యాయం సంగతి. ఎముకల పొడవు, కండపోగుల్లో వేగంగా ముడుచుకునే రకం పాలు, స్నాయువు బిరుసు చాలావరకు పుట్టుకతో వచ్చేవి. వేదాంతి వీటిని ప్రారబ్ధం అంటాడు, జీవశాస్త్రజ్ఞుడు జన్యువులంటాడు. ఎవరి మాట తీసుకున్నా పరుగెత్తేవాడు వాటిని ఈ జన్మలో సంపాదించుకోలేదు. అలాంటప్పుడు గెలుపు ఎవరిది? కొన్ని క్రీడలు ఈ ప్రశ్నకు ఒక ఏర్పాటు చేసుకున్నాయి. కుస్తీ, బాక్సింగ్, వెయిట్‌లిఫ్టింగ్ బరువును తరగతులుగా విభజించాయి. కబడ్డీలోనూ బరువు పరిమితులున్నాయి. 54 కిలోల తరగతిలో 1994, 1995 సంవత్సరాల్లో ప్రపంచ చాంపియన్ అయిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల తరగతిలో పోటీపడింది. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలతో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ అయింది. ఆ పోటీలోనే పైన ఉన్న ఇద్దరూ సరిగ్గా 242.5 కిలోలే ఎత్తారు. ఆనాటి నియమం ప్రకారం ఇద్దరిలో ఒంటి బరువు తక్కువున్న చైనా క్రీడాకారిణి లిన్ వెయినింగ్‌కు స్వర్ణం, హంగరీకి చెందిన మార్కుస్‌కు రజతం. తక్కువ బరువుతో అంతే ఎత్తడం గొప్ప అన్న తీర్పు అందులో ఉంది. పరుగు ఈ వెసులుబాటు ఎవరికీ ఇవ్వదు. అక్కడ తరగతి లేదు, ఎత్తుకు మినహాయింపు లేదు, గీత ఒకటే. సమానమైన గీత సమానమైన న్యాయమా అన్నది పరుగు లోపల తేలే ప్రశ్న కాదు. పరుగు ఆ ప్రశ్నను అడగకుండా ఉండడం వల్లే నడుస్తోంది.

పోలికే తప్పు అన్న ఆలోచనకు మదనపల్లె పుట్టిల్లు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో అక్కడ పుట్టాడు. అనీబిసెంట్ చొరవతో 1915లో దివ్యజ్ఞాన కళాశాల వెలసిన ఊరు అది. అంగళ్లు అనే ఊరు దాటి కాస్త దూరం పోతే ఆయన స్ఫూర్తితో ఏర్పడిన ఋషివ్యాలీ పాఠశాల వస్తుంది. చిన్నప్పుడు కృష్ణమూర్తి మలేరియాతో నలిగిన బక్కపిల్లవాడు, బడిలో మందమతిగా లెక్క. 1909లో అడయారులో దివ్యజ్ఞాన సమాజపు లెడ్‌బీటర్ కంట పడ్డాక అతని దేహాన్ని కూడా ఒక ప్రణాళిక ప్రకారం మలచారు: వేళకు తిండి, వ్యాయామం, సైకిలు, టెన్నిస్. రాబోయే జగద్గురువుకు తగిన పాత్రగా శరీరాన్ని సిద్ధం చేయడం దాని ఉద్దేశం. 1929 ఆగస్టు 3న ఓమెన్‌లో ఆయన, తనను ఆ జగద్గురువుగా నిలబెట్టిన సంస్థనే రద్దు చేశాడు. వ్యాయామం మాత్రం మానలేదు. ముసలితనంలోనూ రోజూ ఆసనాలు, ప్రాణాయామం, దూరపు నడక సాగించాడు; ఆసనాలను బి.కె.ఎస్. అయ్యంగారు, దేశికాచార్ వంటివారి దగ్గర నేర్చుకున్నాడు. యోగాసనాలు ఒంటికి మంచివి, వాటివల్ల జ్ఞానోదయం కలగదు అని కుండబద్దలు కొట్టేవాడు.

ఆయన వాదం పరుగుకు ఎలా వర్తిస్తుంది? ఉన్న స్థితికీ ఉండవలసిన స్థితికీ మధ్య మనసు కల్పించుకునే దూరమే సంఘర్షణ అని ఆయన అభిప్రాయం. ఇంకొకరితో పోల్చుకోవడం ఒక రకమైన హింస. రేపటి తనతో నేటి తనను పోల్చుకోవడం కూడా. శిక్షణ అనేది మొత్తం ఆ పోలిక మీదే నిలబడింది: నిన్నటి సమయం, ఈ వారపు బరువు, వచ్చే నెల లక్ష్యం. ఆ మాటను అక్షరాలా పట్టుకుంటే అథ్లెటిక్స్ అనేది అసాధ్యం. కాని కృష్ణమూర్తి ఇక్కడ ఒక గీత గీశాడు. వంతెన కట్టేవాడికి కొలత కావాలి, వడ్రంగికి కావాలి, నైపుణ్యం నేర్చుకోవడానికి కాలం పడుతుంది. వీటితో ఆయనకు పేచీ లేదు. కొలత మనసులోకి దిగి, ఈ అంకె నేనే అనిపించినప్పుడే పేచీ. 62 కిలోలు ఒక సమాచారం. 62 కిలోల వల్ల తాను పనికిమాలినవాణ్ణనుకోవడం మరొక పని; ఆ రెండో పని చేసేది తూకం యంత్రం కాదు.

ఈ విభజన వైశేషికుల గురుత్వభావనకు బాగా దగ్గర. ఇద్దరూ బరువును వస్తువుకు చెందిన సంగతిగా ఉంచి, దాని మీద పేరుకున్న తీర్పును తొలగిస్తున్నారు. అయితే విభజన చెప్పినంత తేలిక కాదు పాటించడం. పన్నెండేళ్ల పిల్ల వారం వారం తూకం యంత్రం ఎక్కుతుంటే, ఆ అంకెను కోచ్ అందరి ముందూ చదువుతుంటే, సమాచారం ఎక్కడ ఆగి తీర్పు ఎక్కడ మొదలైందో ఆ పిల్ల విడదీసుకోలేదు. పెద్దలు విడదీయాలి. ఎదిగే వయసులో బరువు పెరగడం ఎదుగుదలే కాబట్టి, ఆ వయసులో తూకాన్ని శిక్షణ కొలతగా వాడడంలో శాస్త్రీయమైన ప్రయోజనం కూడా తక్కువే. ఎంతసేపు నిద్రపోయింది, ఎంత తింది, నిన్నటి అలసట తీరిందా, ఎంత దూరం దూకింది అన్నవి అంతకన్నా మంచి వార్తలు చెబుతాయి.

వైశేషికులకూ కృష్ణమూర్తికీ నిజమైన తేడా ఒక్కచోట ఉంది. ప్రశస్తపాదుడి లెక్కలో గురుత్వానికి ఎదురు నిలిచేవాటిలో ఆత్మకు చెందినది ప్రయత్నం ఒక్కటే. ప్రయత్నం లేనిదే పడడం తప్ప లేవడం లేదు. కృష్ణమూర్తికి ప్రయత్నమే అనుమానాస్పదం. బలవంతం ఉన్నచోట చూపు మసకబారుతుంది. పూర్తి వేగంలో ఉన్న స్ప్రింటరు ఒంట్లో ఈ రెండు మాటలూ కాలాన్ని పంచుకున్నట్టు కనిపిస్తుంది. పాదం నేల తాకిన ఆ పదోవంతు సెకనులో ఉన్న బలమంతా పెట్టాలి. మిగతా సమయంలో అవే కండరాలు వదులు కావాలి; తొడ ముందరి కండ పనిచేసేటప్పుడు వెనకటిది బిగుసుకుని ఉంటే రెండూ ఒకదాన్నొకటి లాగి వేగం చస్తుంది. చివరి 30 మీటర్లలో పళ్లు బిగించి, భుజాలు పైకెత్తి, మరింత గట్టిగా ప్రయత్నించేవాడు సాధారణంగా నెమ్మదిస్తాడు. అందుకే కోచ్‌లు దవడ వదులు చెయ్యి, వేళ్లు వదులు చెయ్యి అని అరుస్తారు. కండ పెంచడం కొన్ని నెలల పని. దాన్ని ఎప్పుడు వదలాలో శరీరానికి తెలియడం అన్నంభట్టు చెప్పిన రెండో సంస్కారం, భావన, మీద ఆధారపడినది. వేలసార్లు పరుగెత్తి ముద్రపడితే తప్ప అది పట్టుబడదు, బరువు ఎంత ఉన్నా సరే.